మన సారు తన బొమ్మ తానే గీసుకుంటే

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరువి కదా, డ్యామ్ గురించి నాలుగు మాటలు మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఈ సభలో డ్యామ్ గురించి మాట్లాడటమంటే తాతకు దగ్గులు నేర్పడమే. మనలో సగం మంది నాన్నలు ఆ కాంక్రీటు పోసినవాళ్ళు, ఆ టర్బైన్లు బిగించినవాళ్ళు, ఆ స్టోర్లలో లెక్కలు రాసినవాళ్ళు. 1963లో నెహ్రూ గారు శంకుస్థాపన చేశారనీ, గేట్లు 12 అనీ, నిండు నీటిమట్టం 885 అడుగులనీ ఈ కాలనీలో ఎక్కాలతో పాటే నేర్చుకున్నాం. అందుకని వాళ్ళ అనుమతితోనే అంశం మార్చుకున్నాను. డ్యామ్ గురించి మనకు ఇంత తెలుసు. మనకు పాఠం చెప్పినవాళ్ళ గురించి, మనతో చదివి ఇవాళ పాఠాలు చెబుతున్నవాళ్ళ గురించి ఎంత తెలుసు? నా ప్రసంగం ఈ ప్రశ్న మీదే.

తెలుసుననే అనుకుంటాం. ఫలానా సారు లెక్కలు చెప్పేవారు, ఫలానా మేడం గట్టిగా కొట్టేవారు, ఫలానా అయివారికి కాఫీ అంటే ప్రాణం. అదంతా మన జ్ఞాపకం. ఆయన గురించి ఆయనకున్న లెక్క వేరే. తరగతి గదిలోకి అడుగుపెట్టేటప్పుడు తాను ఎవరినని అనుకునేవారు? ఎవరికి జవాబు చెప్పుకోవాలనుకునేవారు? ఏ పూట ఈ ఉద్యోగం దండగ అనిపించేది, ఏ పూట ఇది తప్ప ఇంకేదీ వద్దనిపించేది? విద్యాశాస్త్రంలో దీన్ని వృత్తి అస్తిత్వం అంటారు. తేలిక మాటలో చెప్పాలంటే, ‘ఈ పనిలో నేనెవరు’ అని మనిషి తనకు తాను ఇచ్చుకునే జవాబు.

మన కాలనీలో పెరిగినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఒకే మనిషిని మనం మూడు పేర్లతో పిలిచాం. కోస్తా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు మాస్టారు అనేవాళ్ళు. మన సీమ పిల్లలం అయివారు అనేవాళ్ళం. నది అవతలి నుంచి వచ్చినవాళ్ళకు ఆయనే సారు. ఇంకా వెనక్కి వెళితే పంతులు, అంతకు ముందు ఒజ్జ. ఉపాధ్యాయ శబ్దమే అరిగి అరిగి ఒజ్జ అయింది. ఇప్పుడు కళాశాలల్లో ఫ్యాకల్టీ అంటున్నారు. ప్రతి పేరు వెనకా ఒక అంచనా ఉంది. అయివారంటే ఊరంతటికీ పెద్ద, ఉత్తరం చదివి పెట్టేవాడు. పంతులంటే గౌరవమూ ఉంది, ‘బతకలేక బడిపంతులు’ అనే ఎగతాళీ ఉంది. ఫ్యాకల్టీ అంటే ఒక కంపెనీలో ఒక సీటు. ఆ పేర్లన్నీ మోస్తున్న మనిషిని ‘నీకు నువ్వు ఏ పేరు పెట్టుకుంటావు’ అని ఎవరూ అడగలేదు.

కృష్ణకుమార్ అనే విద్యావేత్త 1991లో రాసిన పుస్తకంలో మన దేశపు బడిపంతులుకు ఒక పేరు పెట్టారు. దీనుడైన నియంత. ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఇన్‌స్పెక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడిన మనిషే పిల్లల ముందు రాజు. పాఠ్యపుస్తకం మీద గానీ, పరీక్ష మీద గానీ, జీతం మీద గానీ అతనికి అధికారం లేదు. ఆ నలభై మంది పిల్లల మీద మాత్రం ఉంది. ఆ కాలం పోయింది గానీ ఆ అమరిక పూర్తిగా పోలేదు. 2010లో యూజీసీ నిబంధనలు వచ్చాక అధ్యాపకుల పనిని ఏపీఐ అనే పాయింట్లలో కొలవడం మొదలైంది. సెమినారుకు ఇన్ని, వ్యాసానికి ఇన్ని. 2018లో ఆ పద్ధతి మార్చారు, కానీ లెక్క వేసుకునే అలవాటు మిగిలిపోయింది. కొలతలకు నేను వ్యతిరేకిని కాను, నా బతుకే కొలతలు. ఏది కొలవాలో తేల్చుకోకుండా కొలిస్తే మాత్రం అంకెలు వస్తాయి, సంగతి రాదు.

మరి ఎలా తెలుసుకోవాలి? నేరుగా అడగొచ్చు కదా అంటారు. అడిగి చూడండి. ఏ లెక్చరర్‌నైనా ‘మీ వృత్తి గురించి చెప్పండి’ అంటే ‘చాలా పవిత్రమైన వృత్తి అండీ’ అంటారు. సెప్టెంబరు 5న మైకు ముందు అందరూ చెప్పేదే. అది అబద్ధం కాదు, పైపూత. ఆళ్ళగడ్డలో శిల్పులు రాయిని ఎంచుకునేటప్పుడు చూడండి. కంటికి బాగుంది కదా అని తీసుకోరు. సుత్తితో తట్టి చెవి పెట్టి వింటారు. మోగే రాయి వేరు, బొద్దుగా పలికే రాయి వేరు. లోపలి పగులు పైకి కనపడదు, శబ్దంలో తెలుస్తుంది. మా పనిలోనూ అంతే. పెద్ద ఆనకట్ట లోపల గ్యాలరీల్లో ప్లంబ్‌లైన్లు వేలాడదీస్తాం, నీటి ఒత్తిడి చూడటానికి పీజోమీటర్లు పెడతాం. ఎదురుగా నిలబడి ‘ఎలా ఉన్నావు’ అంటే ఆనకట్ట జవాబు చెప్పదు.

మనుషుల విషయంలో అలాంటి సాధనాలను కొందరు పరిశోధకులు వెతికారు. బొమ్మ గీయించడం, ఫొటో తీయించడం, వస్తువు తెప్పించడం, ఒక పోలిక చెప్పమనడం వంటివి. వీటిని సృజనాత్మక పరిశోధనా పద్ధతులు అంటున్నారు. పేరు పెద్దది, పని చిన్నది.

ఒక ఉదాహరణ చెబుతాను. డేవిడ్ చాంబర్స్ అనే ఆయన 4,807 మంది చిన్నపిల్లలకు కాగితాలిచ్చి ‘శాస్త్రవేత్త బొమ్మ గీయండి’ అన్నారు. 1983లో ఫలితాలు ప్రకటించారు. తెల్లకోటు, కళ్ళజోడు, గడ్డం, పరీక్షనాళికలు. ఆడమనిషిని శాస్త్రవేత్తగా గీసిన బొమ్మలు 28 మాత్రమే. ఆ 28 కూడా ఆడపిల్లలు గీసినవే. ‘ఆడవాళ్ళు శాస్త్రవేత్తలు కాగలరా’ అని నేరుగా అడిగి ఉంటే చాలామంది పిల్లలు ‘అవుతారు’ అనే చెప్పేవారేమో. చెయ్యి మాత్రం వేరే సంగతి చెప్పింది. 2001లో ఇదే పద్ధతిని తిప్పి, కాబోయే సైన్సు టీచర్ల చేత ‘పాఠం చెబుతున్న మీ బొమ్మ మీరే గీయండి’ అని గీయించారు. బొమ్మలో టీచరు ఎక్కడ నిలబడ్డాడు, పిల్లలు ఏం చేస్తున్నారు, ఎవరు ఎంత పెద్దగా ఉన్నారు అన్నవి చూశారు. 1990లలో చైనాలోని యునాన్‌లో పల్లెటూరి ఆడవాళ్ళకు కెమెరాలిచ్చి వాళ్ళ బతుకును వాళ్ళచేతే ఫొటోలు తీయించారు. ఇంగ్లండులో డేవిడ్ గాంట్లెట్ పెద్దవాళ్ళ చేతికి లెగో ముక్కలిచ్చి ‘మీరెవరో కట్టి చూపించండి’ అన్నారు. ఆ అనుభవాలతో 2007లో పుస్తకం రాశారు.

ఈ పద్ధతులు పని చేయడానికి నాకు అర్థమైన కారణాలు రెండు. ఒకటి, బొమ్మ గీయాలంటే ఎంచుకోవాలి. మాటల్లో అన్నీ చెప్పొచ్చు, కాగితం మీద అన్నీ పట్టవు. ఏది పెట్టారో, ఏది వదిలేశారో రెండూ కనపడతాయి. రెండు, బొమ్మ గీయడానికి సమయం పడుతుంది. నోటికి వచ్చే జవాబు తయారుగా ఉంటుంది, చేతికి వచ్చేది తయారుగా ఉండదు.

మన దేశంలో ఇది లేదా అంటే, సగం ఉంది. 2014లో ఎన్‌సీటీఈ బీఈడీని రెండేళ్ళ కోర్సు చేసినప్పుడు అందులో నాటకం, కళలు ఒక అంశంగా, ‘తన్ను తాను తెలుసుకోవడం’ ఇంకో అంశంగా పెట్టారు. మంచి పనే. అయితే అది బడి టీచర్లకు. డిగ్రీ కళాశాలలో, ఇంజనీరింగ్ కళాశాలలో పాఠం చెప్పేవాళ్ళకు బీఈడీ అక్కర్లేదు. ఎంటెక్ చదివిన కుర్రవాడు జూన్‌లో విద్యార్థి, జులైలో లెక్చరర్. మధ్యలో తాను ఎవరినైపోయానో ఆలోచించుకోవడానికి ఒక్క గంట ఇచ్చినవాళ్ళు లేరు. మా ఇంటావిడ డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది. ఈ మాట మొదట ఆమే నాతో అన్నది. పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నా, దాని గురించి తనతో తాను మాట్లాడుకునే సందర్భం ఒక్కటీ రాలేదని.

అందుకే మొన్న వేసవిలో మా బ్యాచ్ కలిసినప్పుడు ఒక చిన్న ప్రయత్నం చేశాం. మా బ్యాచ్‌లోనూ, మా కింది బ్యాచ్‌లోనూ అధ్యాపకులైన ఐదుగురు వచ్చారు. దీన్ని పరిశోధన అనను, ఐదుగురు మనుషులు ఒక మధ్యాహ్నం చేసిన పని. భోజనాలయ్యాక తెల్లకాగితాలు, పిల్లల క్రేయాన్ పెట్టె తెచ్చిపెట్టాం. ఇరవై నిమిషాలు. ‘పనిలో ఉన్న మీ బొమ్మ గీయండి. మనిషిలాగే గీయాలని లేదు. చెట్టు, బండి, ఏదైనా సరే.’ నియమాలు మూడు. బొమ్మ బాగుందనీ బాగాలేదనీ ఎవరూ అనకూడదు. బొమ్మకు అర్థం గీసినవాళ్ళే చెప్పాలి, పక్కవాళ్ళు చెప్పకూడదు. ఇష్టం లేకపోతే చూపించకుండా మడిచి జేబులో పెట్టుకోవచ్చు. ఈ బొమ్మల సంగతి సభలో చెప్పడానికి ఐదుగురూ ఒప్పుకున్నారు, పేర్లు మాత్రం చెప్పను.

మొదటి ఐదు నిమిషాలు నవ్వులే. తర్వాత గది నిశ్శబ్దమైంది.

ఒక చెల్లెలు నేతమగ్గం గీసింది. ఎందుకమ్మా అంటే చెప్పింది. శివరాత్రి నాడు మన మల్లన్నకు పాగా చుడతారు కదా. చీరాల వైపు నుంచి వచ్చే దేవాంగులు రోజుకో మూర చొప్పున ఏడాదంతా నేస్తారు. లింగోద్భవ వేళ దీపాలన్నీ ఆర్పేశాక, ఆ చీకట్లో గోపురం మీది నుంచి నందుల దాకా చుడతారు. చుట్టే చేతులు ఎవరికీ కనపడవు. ‘నేను రోజుకో మూర నేస్తున్నాననుకుంటాను అన్నా. పిల్లవాడు దాన్ని కట్టుకునే వేళకు నేనక్కడ ఉండను. ఆ మాట గుర్తుంటే సిలబస్ తరుముతున్నా కాళ్ళు వణకవు’ అంది.

ఒక తమ్ముడు గడియారం గీశాడు. ముల్లు స్థానంలో తన బొమ్మ. ఇంటర్మీడియట్ పిల్లలకు పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా లెక్కలు చెబుతాడు. ‘నేను తిరుగుతూనే ఉంటాను. అందరూ నన్ను చూస్తారు, టైమెంతయిందో తెలుసుకోవడానికి’ అన్నాడు. మేం నవ్వాం. అతను నవ్వలేదు.

ఒకామె తలుపు గీసింది, తలుపు బయట తాను, భుజానికి సంచి. పన్నెండేళ్ళుగా కాంట్రాక్టు మీద పని చేస్తోంది. ప్రతి వేసవిలో రెన్యువల్ కాగితం వచ్చేదాకా తన పుస్తకాలు స్టాఫ్‌రూమ్ నుంచి ఇంటికి తెచ్చుకుంటుంది, జూన్‌లో మళ్ళీ మోసుకెళ్తుంది. ‘పాఠం చెప్పేటప్పుడు నేను పూర్తి లెక్చరర్‌నే. గంట కొట్టాక సంచి గుర్తొస్తుంది’ అంది. ఆ ఉద్యోగపు కష్టాలు అందరికీ తెలిసినవే. ఆ సంచి బరువు మాత్రం మాకు ఆ రోజే తెలిసింది.

ఒకాయన మనిషిని గీయలేదు, చెయ్యి ఒక్కటే గీశాడు. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య సుద్దముక్క, చిటికెనవేలు కొంచెం పైకి లేచి ఉంది. అందరం ఒక్కసారే గుర్తుపట్టాం. అది అతని చెయ్యి కాదు, మన లెక్కల సారుది. ‘ముప్పై ఏళ్ళుగా పాలిటెక్నిక్‌లో చెబుతున్నా. బోర్డు మీద వృత్తం గీసిన ప్రతిసారీ ఆ చెయ్యే వస్తుంది’ అన్నాడు. దీనికి శాస్త్రంలో ఒక పేరుంది. డాన్ లార్టీ అనే సమాజశాస్త్రవేత్త 1975లో లెక్కవేశాడు. బడి చదువు పూర్తయ్యేసరికి ఒక విద్యార్థి ఉపాధ్యాయులను దాదాపు 13,000 గంటలు చూసి ఉంటాడట. ఏ ఇతర వృత్తికీ ఇంత పెద్ద శిక్షణ లేదు. మంచి అలవాట్లూ చెడ్డ అలవాట్లూ అక్కడే అంటుకుంటాయి. గురువులారా, మీరు రిటైరయ్యామని అనుకుంటున్నారు. పాలిటెక్నిక్‌లో మీ చెయ్యి ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఐదో బొమ్మ ఇంజనీరింగ్ కళాశాలలో పని చేసే మిత్రుడిది. బల్ల నిండా ఫైళ్ళు, అక్రిడిటేషన్ ఫైళ్ళు. వాటి వెనక కళ్ళజోడు మాత్రం కనపడుతోంది. చక్కగా రంగులు వేశాడు, ఫైళ్ళ వీపు మీద అంకెలు కూడా రాశాడు. అర్థం చెప్పడానికి లేచి నిలబడి మధ్యలో ఆగిపోయాడు. కాసేపు బొమ్మ వైపే చూసి, ‘ఇందులో పిల్లలు లేరు’ అన్నాడు. ఎవరం ఏమీ అనలేదు. నియమం పెట్టుకున్నాం కాబట్టే కాదు, అనడానికి ఏమీ లేదు. తర్వాత రెండు నెలలకు ఫోన్ చేశాడు. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు ఫైలు ముట్టకుండా ల్యాబ్‌లో పిల్లలతో కూర్చుంటున్నాడట. కళాశాల మారలేదు, ఫైళ్ళు తగ్గలేదు. రెండు గంటలు మారాయి.

ఇక్కడ ఒక పెద్దాయన నన్ను అడిగారు, ‘బొమ్మలు గీస్తే జీతాలు పెరుగుతాయా నాయనా, ఖాళీలు నిండుతాయా’ అని. నిండవు. ఖాళీలు భర్తీ చేయాల్సింది ప్రభుత్వం, జీతం సరిగా ఇవ్వాల్సింది యాజమాన్యం. క్రేయాన్ పెట్టె వాటికి బదులు కాదు. బదులని ఎవరైనా అంటే నమ్మకండి. అయితే ఏది పోగొట్టుకుంటున్నామో తెలియనివాడు దేనికోసం పోట్లాడతాడు? కాంట్రాక్టు సమస్య అంటే కాగితం మీద ఒక పంక్తి. ఆ తలుపు, ఆ సంచి చూసినవాళ్ళు దాన్ని పంక్తి అనుకోలేరు.

జాగ్రత్తలూ చెప్పాలి. సాధనం మంచిదైనా వాడకం తెలియాలి. బొమ్మ ఎక్స్‌రే కాదు. ఎర్రరంగు వేశాడు కాబట్టి కోపం, చిన్నగా గీశాడు కాబట్టి భయం అని పక్కవాడు జోస్యం చెబితే అది పరిశోధన కాదు, సోది. గీసినవాళ్ళ మాటే చివరి మాట. ఇంకొకటి, ఇవి ఎప్పటికీ పై అధికారి బల్ల మీదికి పోకూడదు. పోతాయని తెలిస్తే మళ్ళీ అందరూ పవిత్రమైన వృత్తే గీస్తారు. ఐదుగురి బొమ్మలు చూసి రాష్ట్రంలోని లెక్చరర్లందరూ ఇంతే అని చెప్పడమూ తప్పే. ఒక్క బోరు వేసి నల్లమల మొత్తానికీ రాతి నివేదిక రాసినట్టు ఉంటుంది.

మన తెలుగువాళ్ళలో రిజిస్టరుకూ మనిషికీ మధ్య దూరం ఎంత ఉంటుందో చూడాలంటే గిడుగు రామమూర్తి గారిని చూడండి. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. రిజిస్టరులో ఆయన పర్లాకిమిడి బడిలో చరిత్ర చెప్పే మాస్టారు. సవరల భాష నేర్చుకోమని ఆయనకు ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు, వాళ్ళ పిల్లలకు బళ్ళు పెట్టించారు, నిఘంటువు తయారు చేశారు. తరగతి గదిలో తెలుగు కూడా జనం మాట్లాడే తెలుగే కావాలన్నారు. ‘ఈ పనిలో నేనెవరు’ అన్న ప్రశ్నకు ఆయన ఇచ్చుకున్న జవాబు ఉద్యోగం కన్నా పెద్దది. అలాంటి జవాబులు చిన్నవో పెద్దవో ప్రతి బడిలోనూ ఉంటాయి. రాసిపెట్టినవి మిగిలాయి, తక్కినవి పోయాయి.

ఇక నా విన్నపం. మన సంఘం బెంచీలు ఇచ్చింది, నీటి ట్యాంకు కట్టించింది, మంచిదే, ఇంకా ఇద్దాం. వాటితో పాటు మూడు పనులు పెట్టుకుందాం. ఒకటి, మన రిటైరైన గురువుల్లో చాలామంది ఎనభై దాటారు. ఎక్కడెక్కడ ఉన్నారో వెతికి, ఇద్దరిద్దరం వెళ్ళి కూర్చుందాం. శాలువా కప్పి ఫొటో దిగి వచ్చేయడం కాదు. తన వృత్తికి గుర్తుగా దాచుకున్న వస్తువు ఒకటి చూపించమందాం. పాత హాజరుపట్టీ కావచ్చు, పగిలిన జామెట్రీ పెట్టె కావచ్చు, ఒక పిల్లవాడు రాసిన ఉత్తరం కావచ్చు. దాని కథ ఆయన మాటల్లోనే రికార్డు చేసుకుందాం. రెండు, ఇప్పుడు ఈ బడిలో పని చేస్తున్న టీచర్లకూ, మనలో అధ్యాపకులైనవాళ్ళకూ ఏడాదికి ఒక పూట కేటాయిద్దాం. కాగితం, రంగులు, భోజనం మనవి. ఉపన్యాసాలు ఉండవు, నాది కూడా. మూడు, ఇష్టపడి ఇచ్చినవాళ్ళ బొమ్మలు, మాటలు మాత్రమే బడి లైబ్రరీలో ఒక బీరువాలో పెడదాం, తాళం టీచర్ల దగ్గరే ఉండాలి.

దీనికి ఖర్చు పెద్దగా లేదు, సమయమే తక్కువ ఉంది. ప్రాజెక్టు పని తగ్గాక ఈ కాలనీ నుంచి ఎన్ని కుటుంబాలు వెళ్ళిపోయాయో, ఎన్ని క్వార్టర్లు తలుపుల్లేకుండా నిలబడ్డాయో వచ్చే దారిలో మీరే చూశారు. గోడలను మళ్ళీ కట్టుకోవచ్చు. ఎనభై రెండేళ్ళ సారు తన గురించి తాను చెప్పాల్సిన మాటను ఆయన తప్ప ఎవరూ చెప్పలేరు.

బయట మంచినీళ్ళ బల్ల పక్కన ఒక నోటుబుక్కు పెట్టాం. ఒక గురువు పేరు, తెలిస్తే ఊరు, మీ పేరు రాయండి. వచ్చే శివరాత్రిలోపు మొదటి పది ఇళ్ళకు వెళ్దాం. భోజనాలకు పోయే ముందు రాయండి, తర్వాత మరిచిపోతాం.